మెట్ల మీద నుంచి తెరుచుకోని కారు

2012. హైదరాబాద్ నుంచి వచ్చి ప్రొద్దుటూరులో మా మామ ఎలక్ట్రికల్ షాపు పక్కనే కారు తాళాల పని మొదలుపెట్టాను. ఒకరోజు జమ్మలమడుగు అవతల ఒక ఊరి నుంచి ఫోన్. కారు షాపుకు రాదంట, నేనే పోవాలంట.

గేటు దగ్గరే ఆపారు.

"ఫోన్ ఈడ పెట్టి పో."

"ఫోన్ లేకుండా నేను పని చేయను."

"చేయకపోతే మానె. ఫోన్ అయితే ఇయ్యప్పా."

నాకు ఒళ్లు మండింది. అయినా ఇచ్చాను.

ఆ ఇంటి పెద్దాయన అప్పుడే పార్టీ మారాడు. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్నవాళ్లు ఎదుటి వర్గమయ్యారు. అప్పట్నుంచి బాంబు భయంతో ఆయన నేరుగా కారెక్కడు. మెట్ల మీద నిలబడి రిమోట్ నొక్కుతాడు. లైట్లు వెలిగి, డోర్లు తెరుచుకుని, ఏమీ కాకపోతేనే కిందికి దిగుతాడు. ఇప్పుడేమో రిమోట్ కారును ఆనుకుని నొక్కితే తప్ప పనిచేయట్లేదు. ఎంత దూరం నుంచి పనిచేస్తుందో దాన్ని మేం రేంజ్ అంటాం. అది పడిపోయింది.

డ్రైవర్ మస్తాన్‌ని గోడవార కూర్చోబెట్టారు. అటొకడు, ఇటొకడు కాపలా.

"వీడే తాళానికి నకలు చేయించి వాళ్లకిచ్చినాడు. అందుకే దీంట్లో బలం తగ్గింది" అన్నాడు ఓబులేసు. పెద్దాయన బావమరిది. "అవునో కాదో నువ్వు ఒక్క మాట చెప్పు. రేపు బావ పులివెందుల పోవాల."

నకలు చేస్తే అసలుదాని రేంజ్ తగ్గదు. ఆ మాట నోటిదాకా వచ్చింది, కానీ మస్తాన్ చూపు నా చేతుల మీద నుంచి కదలట్లేదు. తప్పు చేయనోడు ఇలా చూస్తాడా అనిపించింది.

"నిదానంగా చూడప్పా, తొందరపడాకు" అన్నాడు మస్తాన్.

"నీకెందుకంత భయం?"

"పని అయినాక నువ్వు బస్సెక్కి పోతావు. నేను ఈడ్నే ఉండాల."

రిమోట్‌కి వెండి తొడుగు. బటన్లకు కంతలు, వెనక సెల్ మూత దగ్గర ఖాళీ, పైన వేంకటేశ్వరస్వామి బొమ్మ. వెనక మూత తీసి సెల్ మార్చి, మళ్లీ మూసి నొక్కా. తేడా లేదు. స్పేర్ కీ అడిగితే పెద్దాయన భార్య బీరువాలోంచి తెచ్చిచ్చింది. మెట్ల మీద నుంచి దాన్ని నొక్కితే కారు కుయ్యిమంది. అంటే కారులో సిగ్నల్ అందుకునే రిసీవర్ బాగానే ఉంది. తేడా ఈ రిమోట్‌లోనే.

తొడుగు ఊడదీయబోతే ఓబులేసు కసిరాడు. "దేవుడుండాడు దాని మీద. చెప్పులేసుకోని పీకుతావా?"

చెప్పులు విడిచి, తొడుగు లాగేశాను. ఉత్త రిమోట్ మెట్ల మీద నుంచి నొక్కా. డోర్లు టక్కున తెరుచుకున్నాయి. తొడుగు వేశా. లేదు. తీశా. తెరుచుకుంది.

"వెండి సిగ్నల్‌ని బయటికి పోనీదన్నా. ఎవరూ నకలు చేయలేదు, ఈ తొడుగే కారణం" అన్నా. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి నాకు గర్వంగా అనిపించింది.

మస్తాన్ తల గోడకానించి కళ్లు మూసుకున్నాడు.

అరుగు మీద కూర్చుని అంతా వింటున్న పెద్దాయన తొడుగు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "మొన్న నా పుట్టినరోజు పండక్కి దీన్ని ఎవురు చేయించినారు?"

ఓబులేసు నవ్వబోయాడు. "నేనే గదా బావా. ప్రొద్దుటూరు ఆచారి దగ్గర, దగ్గరుండి..."

"కారు దూరం నుంచి తెరుసుకోకూడదని నీకెవురు జెప్పినారు రా?"

"బావా, దేవుని మీద ఒట్టు!"

మస్తాన్ పక్కనున్న ఇద్దరూ లేచి వచ్చి ఓబులేసు పక్కన నిలబడ్డారు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

"అన్నా, వెండి సంగతి ఆ ఆచారికీ తెలిసుండదు. అభిమానంతో చేయించాడు, అంతే" అన్నా.

"నిన్ను ఆ మాట అడిగినానా అబ్బీ? చెప్పాల్సింది చెప్పినావు. ఫోన్ తీసుకోని పో."

మర్నాడు నంబరు కనుక్కుని మస్తాన్‌కి నేనే ఫోన్ చేశా.

"పులివెందుల్లో ఉండాం. నేనే తోలినా."

"ఓబులేసు?"

"బండ్లో లేడు. అడగాకప్పా" అన్నాడు.

మళ్లీ అడగలేదు. కానీ అప్పట్నుంచి ఎవరి బండి చూసినా, రిపేరు సగంలో ఉండగానే "ఇది ఎవరూ కావాలని చేసింది కాదు" అంటాను. ఎదుటివాడు తలూపేదాకా ఆగుతాను. కారణం ఆ తర్వాతే.