మూడు ఎర్ర గోదాములు

ముప్పై ఏళ్లు ఒకే దారిలో నడిచిన మనిషి ఒక ఉదయం దారి తప్పితే, తప్పు మనిషిదా, దారిదా? తొందరపడి జవాబు చెప్పకండి. నేను చెప్పి భంగపడ్డాను.

మా మావయ్య సరంగు, చిన్న లాంచి నడుపుతాడు. సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయే ఉప్పుకాలువల్లో రోజూ ఇరవై మందిని పాత రేవు పట్టణానికి చేరుస్తాడు. గీటు గీసినట్టు నడుపుతాడని రేవులో అందరికీ ఆయన 'గీటన్న'. పటంతో ఆయనకు పనిలేదు. చివరి మలుపు తిరగగానే దూరాన ఉన్న లైట్‌హౌసు, దాని ముందున్న ఎర్రగోదాము కప్పుకొనకు సరిగ్గా వెనక కనిపించాలి. ఒడ్డున వరసగా ఉన్న మూడింటిలో ఎరుపు అదొక్కటే. ఆ రెండూ ఒక గీతలో నిలిచినంతసేపూ లాంచి కింద లోతు ఉన్నట్టే. తండ్రి నేర్పిన విద్య అది.

గత నెల ఆ రెండూ కలిశాయి. లాంచి మాత్రం బురదమేట ఎక్కింది. మళ్లీ పోటు వచ్చేదాకా ప్రయాణికులు నాలుగు గంటలు ఎండలో కూర్చున్నారు.

"సరంగుగారూ, పట్టణం ఇటు నడిచొస్తుందా, మనమే వెళ్లాలా?" అన్నాడట ఒకాయన. మావయ్య నవ్వలేదు. చుక్కాని వదలకుండా ఆ ఎర్రకప్పు వంకే చూస్తూ ఉండిపోయాడు.

రేవు కార్యాలయం లైసెన్సు ఆపి, విచారణకు రమ్మంది. నేను వెళ్లి చూద్దును గదా, పట్టణానికి పాతకళ తెస్తామని రేవు కార్యాలయంవాళ్లే మూడు గోదాములకూ ఒకే ఎరుపు పూశారు. మావయ్య లైట్‌హౌసును కలిపింది పక్క గోదాముతో. సరంగులకు కబురైనా లేదు. నాకిక గెలుపే కనిపించింది. అర్జీ రాసుకుని ఇంటికి పరిగెత్తాను.

"చెప్పకుండా గుర్తు మార్చడం వాళ్ల తప్పు మావయ్యా. సంతకం పెట్టు."

"మిగతా నలుగురు సరంగులూ సరిగ్గానే వెళ్లారు కదే లాయరమ్మా! మన గోదాము కప్పుకొన కాస్త విరిగి ఉంటుంది. వాళ్లకది కనబడింది. నన్ను రంగు ముంచిందో, కళ్లే ముంచాయో..."

ఉల్లిపాయలు తరుగుతున్న అత్తయ్య తలెత్తింది. "నిన్న చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకుని ఊరంతా తిరిగొచ్చారు. అదీ రంగు వేసినవాళ్ల తప్పేనా?"

"సూదీ దారం ఇలా తే," అన్నాడాయన రోషంగా.

మొదటిసారి దారం ఎక్కింది. రెండోసారి ఎక్కలేదు. మూడోసారి మళ్లీ ఎక్కింది.

"దీన్నిబట్టి ఏం తేలినట్టు?" అని నన్నే అడిగాడు. నేను చదివిన చట్టాల్లో దానికి సెక్షను లేదు. కంటి పరీక్షలో తప్పితే లైసెన్సు శాశ్వతంగా పోతుందని మాత్రం తెలుసు. ఆ మాటే చెప్పాను. ఆయన సూదిని చొక్కాకే గుచ్చుకుని, అర్జీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

విచారణలో అధికారి కారణం అడిగాడు. నా అర్జీ మావయ్య జేబులో, సంతకం లేకుండానే ఉంది.

"నాకు తెలియదండీ," అన్నాడు. "ముందు నా కళ్లు పరీక్ష చేయించండి. బాగున్నాయంటే అప్పుడు మా మేనకోడలి కాగితం మీ ముందు పెడతాను. లేవంటే, ఇక చుక్కాని ముట్టను."