కొండల్లేని ఆల్పైన్ ఊళ్లో ఒక శనివారం

మా అబ్బాయికి రెండున్నరేళ్లు. ఇంకా మాట రాలేదు. అరుస్తాడు, నవ్వుతాడు, ఏదైనా కావాలంటే నా వేలు పట్టుకుని దాని దగ్గరికి లాక్కెళ్తాడు. ‘అమ్మ’ అని మాత్రం అనడు. వచ్చే మంగళవారం స్పీచ్ థెరపిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. అది దగ్గరపడేకొద్దీ నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు. అది గమనించే కాబోలు, శనివారం పొద్దున మా ఆయన కారు తాళాలు చేతిలో పట్టుకుని, “పద, ఆల్ప్స్ చూసొద్దాం” అన్నాడు.

“తిరిగొచ్చేటప్పుడు వీసా స్టాంపింగ్ ఎవరు వేస్తారు?”

“మిషిగన్ ఆల్ప్స్‌కి స్టాంపింగ్ అక్కర్లేదులే, ఎక్కు.”

ట్రాయ్‌లో మా అపార్ట్‌మెంట్ నుంచి గంటన్నర లోపే ఫ్రాంకెన్‌మూత్. ఎప్పుడో జర్మనీ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల ఊరు. దారంతా బల్లపరుపు నేల, ఎండిన మొక్కజొన్న చేలు. ఉన్నట్టుండి ఆల్ప్స్ కొండల్లోని ఊళ్లలోలా నిటారు కప్పుల ఇళ్లు, చెక్క బాల్కనీలు, కిటికీల కింద ఎర్రటి పూల తొట్లు మొదలయ్యాయి. ఎటు చూసినా ఒక్క కొండ లేదు.

“అన్నీ తెచ్చారు, కొండలు మర్చిపోయినట్టున్నారు” అన్నాడు మా ఆయన.

నవ్వాను. నవ్వుతూనే వెనక సీట్లో వాడి వైపు తిరిగి, “లుక్ బడ్డీ, ప్రెటీ హౌసెస్!” అన్నాను.

వేసవి మొదటి నుంచి మా ఇంట్లో అదే రూల్. ఒక పుట్టినరోజు పార్టీలో తెలిసినావిడ చెప్పారు, ఇంట్లో తెలుగు, డేకేర్‌లో ఇంగ్లీష్ వినేసరికి పిల్లాడు కన్ఫ్యూజ్ అవుతున్నాడని. వాళ్ల బంధువుల అబ్బాయితో ఒక్క ఇంగ్లీషే మాట్లాడడం మొదలుపెట్టాక గడగడా మాటలొచ్చేశాయట. ఆవిడ మంచికే చెప్పారు. ఆ రోజు ఇంటికి తిరిగొస్తూ కారులోనే మేమిద్దరం నిర్ణయించుకున్నాం. ఇకనుంచి వాడి ముందు ఇంగ్లీషే.

ఇంజినీరింగ్ చదివినదాన్ని, ఇంగ్లీష్ నాకు కొత్త కాదు. కానీ నాకు తెలిసిన ఇంగ్లీషంతా మీటింగులకి, ఈమెయిళ్లకి సరిపోయేది. నీళ్లు పోస్తూ, అన్నం పెడుతూ, జోకొడుతూ మాట్లాడుకునే ఇంగ్లీష్ నా దగ్గర లేదు. “గుడ్ జాబ్” అన్నాక ఇంకేమనాలో తెలియదు. “నా బంగారు తండ్రీ, ఇదొక్క ముద్ద” అని నాలిక చివరిదాకా వస్తుంది. మింగేసి “వన్ మోర్ బైట్” అంటాను. ‘నాన్నా’ అని పిలవాల్సినవాణ్ని ‘బడ్డీ’ అంటాను. వాడిని ఒళ్లో పెట్టుకుని కూడా వాడి మీద బెంగ పెట్టుకున్నాను.

ఊరి మధ్యలో ఒక గడియారం గోపురం ఉంది. గంటలు మోగినప్పుడు బొమ్మలు బయటికొచ్చి గుండ్రంగా తిరుగుతాయి. కింద జనం. చుట్టూ పిల్లలు “మామీ, లుక్!” అని అరుస్తున్నారు. ఎవరు “మామీ” అన్నా నా తల అటు తిరుగుతోంది. మా వాడు నోరు తెరుచుకుని చూస్తూ నా జాకెట్ అంచు గుంజాడు. అంతే.

“తెలుగోళ్లేనా బిడ్డా? మీ మాటలిని వచ్చిన.” పక్కన బెంచీ మీద కూర్చుంటూ ఒక పెద్దావిడ. చీర మీద ఎవరిదో మగవాళ్ల జాకెట్ తొడుక్కుంది. “కూతురోళ్లు ఐస్‌క్రీమ్ లైన్ల నిలవడ్డరు. నాకేమో కాళ్లు గుంజుతున్నయి.” నేను జవాబిచ్చేలోపే మా వాడి వైపు వంగింది. “ఏం రా, గా బొమ్మలు చూసినవా? గా టోపీ పెట్టుకున్నోడు పిల్లలందర్ని ఎటో తోల్కపోతుండు, చూడు!”

“వాడికింకా మాటలు రాలేదండీ. ఇంగ్లీషే అలవాటు చేస్తున్నాం.”

“గట్లనా? నాకు ఇంగ్లీషు రాదు గద బిడ్డా, నేనేం జేద్దు?” అని నవ్వి, మళ్లీ తెలుగులోనే అందుకుంది. “నీ బూట్లు మస్తుగున్నయిరా. నాకిస్తవా?”

వాడు నా జాకెట్ వదిలి ఆవిడ దగ్గరికి వెళ్లి కాలు చాపాడు.

“ఇస్తవా! గింత బూట్లు నాకెట్ల పడ్తయిరా దొంగోడా?”

వాడు పొట్ట కదిలేలా నవ్వాడు. నా ఇంగ్లీష్‌కి ఎన్నడూ అలా నవ్వలేదు. నవ్వించిన ఆవిడ మీద నాకు అసూయ కలిగింది. కూతురు పిలిస్తే, “మొగపిల్లలకు జర లేటే తియ్” అంటూ అందరూ అనే మాటే తనూ అనేసి ఆవిడ లేచి వెళ్లింది. వాడు ఆవిడ వెళ్లిన వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఊరు చికెన్ డిన్నర్లకి పేరు. హోటల్ గుమ్మం దాకా వెళ్లాక గుర్తొచ్చింది, మేం శనివారాలు నీసు ముట్టం. “శనివారం ప్లాన్ చేసిన మహానుభావుడెవరో” అన్నాను. “పులిహోర కట్టిన మహాతల్లి ఉందిగా” అన్నాడు. పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి, దాని అంచున కూర్చుని తిన్నాం.

మధ్యాహ్నం బే సిటీకి వెళ్లాం, ఉత్తరానికి ఇంకో అరగంట దారి. ఒకప్పుడు కలప వ్యాపారులు కట్టించుకున్న పాత మేడలు వీధి పొడవునా ఉన్నాయి. రంగుటద్దాల కిటికీలు, చుట్టూ వరండాలు. వాడు పేచీ పెడుతుంటే నేను వెనక సీట్లోకి మారాను. నది మీది వంతెన దగ్గర ఎర్ర లైటు వెలిగి గేటు పడింది. మా ముందున్న రోడ్డు మధ్యకి చీలి రెండు వైపులా మెల్లగా పైకి లేచింది.

“లుక్ బడ్డీ, ద బ్రిడ్జ్ ఈజ్...” అని ఆగాను. తర్వాత నోటికి వచ్చింది వేరు. “అదిగో నాన్నా, రోడ్డు లేచి నిలబడింది! పడవమ్మ వస్తోందని దారిస్తోంది. చూడు, తెల్ల చీర కట్టుకుని ఎంత నింపాదిగా వస్తోందో. మనందరం ఆగాలి, ఆవిడ వెళ్లేదాకా ఆగాలి...”

అద్దంలో మా ఆయన కళ్లు నా మీద పడ్డాయి. “రూల్ ఏమైంది?”

“నువ్వు డ్రైవింగ్ చూసుకో.”

“కారు ఆగే ఉంది కదే!” అంటూ తనే సీట్లోంచి వెనక్కి తిరిగాడు. “ఒరేయ్, మా రాజమండ్రి బ్రిడ్జికి ఈ వేషాలు రావురా.”

పడవ దాటిపోయాక నా మాటా ఆగింది. వాడు నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. పెదాల కేసి చూస్తూ కూర్చున్నాడు. ఇంకా చెప్పమన్నట్టు వేలితో పొడిచాడు. ఒక్క మాట రాలేదు వాడి నోట. నేను మళ్లీ మొదలుపెట్టాను. ట్రాయ్ వచ్చేదాకా ఆపలేదు.

మంగళవారం వాళ్లేం చెబుతారో తెలియదు. ఇంగ్లీషే మాట్లాడమంటారేమోనని భయంగా ఉంది. అప్పటికి చూసుకుంటాను. ఇప్పుడు ఇల్లంతా నిద్రపోతోంది. నాకు మాత్రం తెల్లారి వాడు లేవగానే ఏం చెప్పాలా అని తొందరగా ఉంది. వేసవంతా చెప్పకుండా దాచుకున్నవి చాలా ఉన్నాయి.