క్లాక్ క్రిస్టల్

"లోపల ఊరికే వచ్చినదాన్ని వదిలేసి బయట ఇంకోటి ఎందుకమ్మా? నీకన్నీ అనుమానాలే" అన్నారు మా ఓనరు, అందరి ముందూ. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తే.

గవర్నర్‌పేటలో ఓ మేడమీది గదిలో మాది చిన్న వర్క్‌షాపు. రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచి, తగ్గగానే రైతు ఫోనుకి మెసేజ్ పంపే పెట్టెలు తయారుచేసేవాళ్లం. పెట్టెలోని చిప్పు పనిచెయ్యాలంటే దానికో గడియారం కావాలి. చిప్పులోనే ఒకటుంటుంది గానీ, వేడెక్కితే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే అది పంపే మాట మెసేజ్ పంపే మోడెమ్‌కి అర్థం కాదు. చిప్పు బయట క్రిస్టల్ అనే గడియారం ముక్క పెడితే ఆ బాధ ఉండదు. మొదటి బోర్డు నాడే నేను చెప్పింది ఇదే.

ఏప్రిల్లో చల్లపల్లి దగ్గర్నుంచి ఒక రైతు పెట్టె పట్టుకుని వచ్చాడు. మధ్యాహ్నం రేకుల షెడ్డు కాలిందంటే మెసేజ్‌లో అంకెల బదులు పిచ్చి గీతలొస్తున్నాయట. ఆరోజు పొద్దుటినుంచీ మబ్బు. మబ్బేస్తే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. చీకటి పడేలోపు పెట్టె గట్టు మీదుండాలి.

ఇక తప్పక ఓనరే ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపుకి ఫోన్ చేసి, "క్లాక్ క్రిస్టల్ ఒకటి పంపండి" అన్నారు. "పదహారు మెగాహెర్ట్జ్ అనండి సార్" అని పక్కనుంచి నేనంటుంటే, ఆగమన్నట్టు చెయ్యి చూపించారు. వచ్చినదాన్ని అతికించి, ఇకనుంచి బయటి గడియారంతో నడవమని చిప్పులో ఫ్యూజులు మార్చాను. అంతే, చిప్పు పలకడం మానేసింది.

"చంపేశావు కదమ్మా!" అన్నారు ఓనరు.

"ఫ్యూజే కదండీ, పోతే కొత్తది వేసెయ్యండి" అన్నాడు రైతు.

"వైరు ఫ్యూజు కాదండీ, చిప్పు లోపలి సెట్టింగు. దాన్నలా అంటారు" అన్నాను.

"ఇంకో చిప్పు లేదు. ఈవిడ చేసిన పనికి మీరు రేపు రావాలండీ" అన్నారు ఓనరు.

"రేపటికి రొయ్యలన్నీ తేలిపోతాయండీ" అన్నాడతను.

అప్పుడు చూశాను బోర్డు వంక. బియ్యపు గింజంత వెండి గొట్టం. గోడ గడియారాల్లో వేసే క్రిస్టల్! దాని నెమ్మది టిక్కులతో ఈ చిప్పు నడవదు. క్లాక్‌కి అడిగితే క్లాక్‌దే పంపారు. అతికించేముందు చూసుకోకపోవడం నా తప్పు. ఆ ఒక్కటే నాది.

చిప్పు చావలేదు, సరైన టిక్కుల కోసం ఎదురుచూస్తోంది, అంతే. గొట్టం పీకేశాను. బల్ల మీదున్న వేరే రకం బోర్డుతో టిక్కులు పుట్టించి, ఒక వైరు మీదుగా ఈ చిప్పు కాలికి అందించాను. మొదటిసారి పలకలేదు. వెనక రైతు టైము చూసుకుంటున్నాడు. వైరు కాస్త జరిపాను. పలికింది. మూలన పడున్న ఓ పాత బోర్డు నుంచి పదహారు మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఊడదీసి, దాని మీది అంకె చదివి, మళ్లీ చదివి అతికించాను. షెడ్డు వేడికి తట్టుకుంటుందో లేదో చూద్దామని వేడిగాలి గన్ను పెట్టి బోర్డుని కాల్చినంత పని చేశాను. రైతు ఫోను మోగింది. అంకెలు, గీతల్లేకుండా.

"బతికించారండీ" అని రైతు ఓనరుకి దణ్ణం పెట్టాడు.

"అమ్మాయి చంపింది, మేం బతికించాం" అని నవ్వారాయన.

పెట్టె నా చేతుల్లోనే ఉంది. "చావనేలేదని చెప్పండి సార్, ఇస్తాను."

"బస్సెళ్లిపోతుందమ్మా" అన్నాడు రైతు. ఓనరు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఇచ్చేశాను. రొయ్యలు నన్నేమీ అనలేదు కదా.