నేను మాన్పించిన ఉప్పు మజ్జిగ

ఈ రోజు పొద్దున నా బావమరిదికి చెప్పకూడని మాట చెప్పాను. అతను స్టీల్ ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేస్తాడు. డ్యూటీకి వెళ్తూ ఫోన్ చేశాడు.

"బావా, పిక్కలు పట్టేత్తన్నాయి. ఇనప మెట్లెక్కుతుంటే కాలు కర్రలా బిగిసిపోతంది. ఇయ్యాల మజ్జిగ తాగీమంటావేటి?"

"వద్దు. కొవ్వు కరిగేటప్పుడు అలాగే ఉంటుంది, ఓర్చుకో" అన్నాను. నా పిక్కలు కూడా పట్టేస్తున్నాయని మాత్రం చెప్పలేదు.

బరువు తగ్గాలని అన్నం మానేయడం మొదలుపెట్టింది నేను. అతన్ని అందులోకి లాగిందీ నేనే. మొదటి వారంలోనే నాలుగు కిలోలు తగ్గితే, బరువు మిషన్ మీద నా పాదాలు పెట్టి ఫొటో తీసి ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టాను. నాకు బీపీ ఉంది కనుక ఉప్పు తగ్గించమన్నారు. అదే నియమం అతనికీ పెట్టాను. ఉప్పు తింటే ఒంట్లో నీరు చేరుతుందని, ప్లాంటులో వేడి దగ్గర పనిచేసేవాళ్ళకిచ్చే ఉప్పు మజ్జిగ కూడా మాన్పించాను. పోర్టు ఆఫీసులో ఏసీ కింద కూర్చునే నాకు అతని చెమట ఎందుకు గుర్తు రాలేదో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

మధ్యాహ్నం అతని భార్య ఫోన్ చేసింది. మెట్ల మీద కాలు పట్టేసి జారాడట. వెనక ఉన్నవాళ్ళు పట్టుకోబట్టి మోకాలు గీసుకుపోవడంతో సరిపోయింది. గోపాలపట్నంలో వాళ్ళింటి పక్క డాక్టరు దగ్గరికి తీసుకొచ్చారంటే నేనూ పరుగెత్తాను.

"అన్నం మానగానే ముందు తగ్గేది ఎక్కువగా నీరే. దాంతోపాటు ఉప్పూ పోతుంది. ఇతనికి చెమట కూడానాయె. పైగా ఉప్పు ఆపించారా?" అన్నారాయన.

"మరి సీసాలకి సీసాలు నీళ్ళు తాగుతున్నాం కదండీ? చెమట పట్టని నాకూ పిక్కలు ఎందుకు పట్టేస్తున్నాయి?" నోరు జారాను.

ఉత్త నీళ్ళతో పోయిన ఉప్పు తిరిగి రాదని చెప్పి, ఆయన నా జేబులోని బీపీ మాత్ర చూశారు. అది కూడా ఒంట్లో నీరు తగ్గించేదేనట. ఏళ్ళుగా మింగుతున్నాను, నాకు తెలియదు. అతను ఉప్పు మజ్జిగ తాగాలట. నేను మాత్రం రక్తపరీక్ష చేయించుకునే దాకా సొంతంగా ఉప్పూ పెంచకూడదు, మాత్రా మానకూడదు. ఇద్దరిదీ ఒకటే నొప్పి, మందు మాత్రం ఒకటి కాదు.

బావమరిది నన్నే చూస్తున్నాడు. "నీక్కూడానా బావా? నాకొక్కడికే ఓపిక నేదనుకుని సిగ్గుతో సచ్చిపోతన్నాను కదేటి!"

"అన్నయ్యా, మీ కిలోలు మీరు తగ్గించుకోండి. మా ఇంటాయన్ని మాకొదిలీండి" అంది అతని భార్య.

వాళ్ళింట్లోనే కూర్చుని ఇంటివాళ్ళ గ్రూపులో రాశాను: తగ్గింది చాలావరకు నీరేనట, నాకూ పిక్కలు పట్టేస్తుంటే దాచాను, అతని మజ్జిగ మాన్పించింది నేనే. తర్వాత వంటింట్లోకి వెళ్ళి నేనే మజ్జిగ చిలికి, ఉప్పు వేసి గ్లాసు అతని చేతికిచ్చాను.

ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఉప్పేసావేటి బావా ఇందులో?"

వేశాను. చిటికెడే. నా చేతికి అంతే అలవాటు. గ్లాసు తీసుకుని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి, ఎంత వెయ్యాలో ఈసారి అతని భార్యని అడిగి వేశాను.