వేర్ల పొడిలో ఏముంది?

నొప్పి తగ్గించిందల్లా మందే అని మీకు ఎవరు చెప్పారు?

నా స్నేహితుడిని ఈ మాట అడిగితే నవ్వాడు. ఉదయగిరిలో మా వీధిలోనే పుట్టినవాడు. చిన్నప్పటి నుంచి చెక్క చెంచాలు, ఫోర్కులు చేయడమే అతని పని. ఆకురాయితో రుద్ది రుద్ది కుడి మణికట్టు, భుజం నొప్పులు పట్టుకున్నాయి. కొండాపురం వైపు నుంచి వారానికోసారి స్కూటర్ మీద వచ్చే ఒకతను అడవి వేర్ల పొడి అంటూ పొట్లాలు ఇచ్చాడు. మింగిన అరగంటకల్లా నొప్పి మాయం.

ఆ అరగంట దగ్గరే నాకు అనుమానం మొదలైంది. అంత తొందరగా పనిచేసే వేరు పేరేమిటని అడిగాను.

"పేరుతో నీకేం పనిరా? నా దగ్గర కొన్న చెంచాతో తింటావే, అది ఏ చెట్టుదో అడిగినావా?"

"అడిగినాను. నువ్వు చెప్పినావు. వాడు చెప్పడంలా. అదే తేడా."

"నీకు దేవుడంటే డౌటు, దయ్యమంటే డౌటు. ఇప్పుడు నా పొడి మీద పడినావా?"

ఊరుకున్నాను గాని, చూడడం మానలేదు. అతను పనిచేసే కొట్టంలో వెలుతురు తక్కువ. అలాంటి చోట ఎవరి కంటిపాపలైనా పెద్దవవుతాయి. అతనివి ఆవగింజల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. మాటిమాటికీ ముక్కు గోక్కుంటున్నాడు. మలబద్ధకమని భార్య రోజూ కషాయం కాస్తోంది. చెంచా చేతిలో ఉండగానే తల వాలిపోతోంది.

ఇవన్నీ నల్లమందు తిన్నవాళ్లకు ఉండే గుర్తులు. మా అవ్వ చెప్పిన సంగతి గుర్తుకొచ్చింది. ఇంగ్లీషువాళ్ల కాలంలో నల్లమందును సర్కారే వేలం పాడుకున్నవాళ్ల చేత అంగళ్లలో అమ్మించేదట. కోతకు పోయే ఆడవాళ్లు పసిబిడ్డ నాలుక మీద చిటికెడులో చిటికెడు రాసి, నీడన పడుకోబెట్టి పోయేవాళ్లట. ఏడవని బిడ్డను బుద్ధిమంతుడని మెచ్చుకునేవాళ్లు. ఆ బిడ్డల్లో కొందరు మళ్లీ లేవలేదు. ఊపిరి ఆపింది నల్లమందు. నింద పడింది దిష్టి మీద. ఆ తర్వాత నల్లమందు వచ్చే ఆ గసగసాల కాయ పాలలోంచే మార్ఫిన్ తీశారు, దాన్నుంచి ఇంకా బలమైనవి చేశారు, అదే పని చేసే మాత్రలను ఫ్యాక్టరీల్లోనూ తయారు చేశారు. వాటిలో కొన్ని వచ్చినప్పుడు, ఇది మాత్రం అలవాటు కాదు అని అమ్మారు. ఆ మాట అబద్ధమని నమ్మినవాళ్ల ఒళ్లే లెక్క అప్పజెప్పింది.

ఒక వారం స్కూటర్ రాలేదు. పొట్లాలు అయిపోయాయి. నేను వెళ్లేసరికి నా స్నేహితుడు దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. ఆగకుండా ఆవలింతలు, కళ్లలో ముక్కులో నీళ్లు, చేతుల మీద గగుర్పాటు, విరేచనాలు. కాళ్లు ఒకచోట నిలవడం లేదు.

"చూడన్నా, పొడి లేకపోతే ఎట్టయిపోయినాడో!" అంది అతని భార్య. "ఆ పొడే ఈయన్ని నిలబెట్టుండాది."

అందరం పప్పులో కాలేసేది ఇక్కడే. మానితే ఒళ్లు చెడింది కాబట్టి మందు గొప్పదనుకుంటాం.

"అమ్మా, ఈ పొడి మొదలుపెట్టక ముందు వీడికి ఏముండింది?" అన్నాను.

"చెయ్యి నొప్పి."

"ముక్కు కారడం, విరేచనాలు, ఈ వణుకు?"

ఆమె లేవన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ముందు లేని జబ్బు తిరగబడిందంటే ఎట్ట? అది పొడి తెచ్చిన జబ్బు."

స్నేహితుడు దుప్పట్లోంచి తల బయటపెట్టాడు. "ఉపన్యాసం ఆపరా. స్కూటరాయన ఇందాకే వచ్చి పొట్లాలు ఇచ్చిపోయినాడు. ఈసారి రెండేసి వేసుకోమన్నాడు. నిద్రమాత్ర కూడా ఇచ్చినాడు. బువ్వ తిని వేసుకుంటా."

వాదించే సమయం కాదని తెలిసింది. "సరే, వేసుకుందువు గానీ, ముందు డాక్టరుకు చూపిద్దాం. నా అనుమానం తప్పయితే నీ కొట్టం వారం పాటు నేనే ఊడుస్తా" అన్నాను.

"నువ్వా? నీ ఇల్లే ఊడవవు గదరా" అన్నాడు. అయినా లేచాడు. భార్య పొట్లాలన్నీ తీసి నా సంచిలో వేసింది. ఆత్మకూరు బస్సెక్కాం.

అక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ అతని కళ్లు, నాడి, ఊపిరి చూసింది. "పరీక్ష చేయకుండా పేరు చెప్పలేను. కానీ ఈ లక్షణాలు నల్లమందు జాతి మాత్రలు మానినప్పుడు వచ్చేవే. పొడిలో అలాంటివి నూరి కలిపి ఉండొచ్చు" అంది.

నాకు ఆమె మీదా అనుమానమే. "ఆ జాతి మందులు మీరూ ఇస్తారు గదమ్మా?" అన్నాను.

"ఇస్తాం. క్యాన్సర్ నొప్పికి అవి కావాలి. పేరు రాసి, కొలిచి ఇస్తాం. మనిషిని చూస్తూ ఉంటాం. దీనిలో ఎంతుందో అమ్మినాయనకైనా తెలుసా? కొన్నాళ్లు మానేసరికి ఒళ్లు పాత మోతాదునే తట్టుకోలేదు. ఈయన రెండేసి వేసుకుని, పైన నిద్రమాత్ర మింగితే నిద్రలోనే ఊపిరి ఆగేది."

ఆ మాటకు కోపం రాలేదు, నవ్వు రాలేదు అతనికి. నేను బల్ల మీద పెట్టిన పొట్లం చూపించి మెల్లగా అడిగాడు: "ఇది నాకు మళ్లీ ఇస్తారా, మేడమ్?"

చెప్పిందంతా విని కూడా అతను అడిగింది అదే. అతన్ని అప్పుడే చేర్చుకున్నారు.

ఇది చదువుతున్న మీ నాయనో, మీ అత్తో ఈ పూట అలాంటి పొడి నీళ్లలో కలుపుకుంటూ ఉండొచ్చు. వాళ్లతో పోట్లాడకండి, ఉన్నపళాన మాన్పించకండి, పొట్లం పారేయకండి. మనిషినీ పొట్లాన్నీ కలిపి రేపటి మొదటి బస్సులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పిలిస్తే పలకకుండా, ఊపిరి మందగించి మగతగా పడి ఉంటే మాత్రం రేపటిదాకా ఆగకండి. ఇప్పుడే అంబులెన్సును పిలవండి.