కొత్త నక్షత్రాలు పుట్టని చోట

మా ఫిజిక్స్ సార్ పోయారని మొన్న పొద్దున ఆయన భార్య ఫోన్ చేశారు. "మీ సార్ లేడు బిడ్డా" అన్నారు, అంతే. మహబూబ్‌నగర్‌లో బస్సెక్కిన నాకు జడ్చర్ల దాటేదాకా ఏడుపు కూడా రాలేదు.

నల్లగొండ డిగ్రీ కాలేజీకి ఆయన పానగల్ నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. చేతికంటిన సుద్దపొడి ఎప్పుడూ చొక్కాకే తుడుచుకునేవారు. ఒకరోజు మమ్మల్ని గ్రౌండులో రెండు గుంపులు చేసి, ఒకదానిలోంచి ఒకటి నడిపించారు. ఎవరికీ ఎవరూ తగల్లేదు. దుమ్ము మాత్రం లేచింది.

"రెండు గెలాక్సీలు దగ్గరికొస్తే గూడ గింతే. నక్షత్రాలు గుద్దుకోవు. నడుమ ఉన్న గ్యాస్ కదిలి, ఒక్కకాడ ఒత్తుకుంటది. గాడ కొత్త నక్షత్రాలు పుడ్తయి" అన్నారు.

ఆ మాట పట్టుకునే హైదరాబాద్‌లో పరిశోధనలో చేరాను. తీరా చూస్తే నేను చూస్తున్న గెలాక్సీ జంటల్లో కొన్నింట కొత్త నక్షత్రాల జాడే లేదు. "గవి తీసెయ్, గ్రాఫ్ సాఫ్‌గ వస్తది" అన్నాడు సీనియర్ ఒకతను. నా పనిని పరీక్షించే కమిటీ ఒప్పుకోకపోతే నా పరిశోధన సీటు పోతుంది. మగ్గం మీద కూర్చునే మా నాయినకు ఏం చెప్పాలి?

అప్పటికే సార్ గుండె ఆపరేషన్ కోసం హైదరాబాద్‌లోనే దవాఖానలో ఉన్నారు. కమిటీ ముందు నేను నిలబడాల్సిన రోజే ఆపరేషన్. అంతకు రెండు రోజుల ముందు వెళ్లి సంగతి చెప్పాను.

"వాటిల్ల గ్యాస్ ఉన్నదా? సూసినవా?" అని ఆయాసపడుతూ అడిగారు.

"చూడలేదు సార్."

"గ్యాసే లేకుంటే ఎంత దగ్గరికొచ్చినా ఏం పుడ్తది బిడ్డా? నీకు కావల్సింది గాదు, ఆడ ఉన్నది చెప్పు. భయమైతది. కానీయ్."

మర్నాడు గ్యాస్ ఎంతుందో చెప్పే రేడియో కొలతలు తీసి చూశాను. ఆ జంటల్లో దాదాపు అన్నీ గ్యాస్ అయిపోయిన ముసలి గెలాక్సీలే.

కమిటీలో పెద్దాయన మొదటి బొమ్మ దగ్గరే ఆపేశారు. "ఇన్నింట్లో పుట్టలేదంటే నీ లెక్కే తప్పేమో?" అదే వేళకు సార్‌ను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లి ఉంటారు. గ్యాస్ కొలతల బొమ్మ చూపించాను. వాళ్లలో వాళ్లు ఏదో గుసగుసలాడుకున్నారు.

"మరి ఈ రెండింట్లో గ్యాస్ ఉంది కదా, పుట్టలేదెందుకు?"

"తెలియదు సార్."

పెద్దాయన కళ్లద్దాలు తీసి, "ఆ ముక్క కూడా రాయి. పని సాగించు" అన్నారు.

బయటికొచ్చి ఫోన్ చూస్తే ఒక్క కాల్ కూడా రాలేదు. ఆటోలో దవాఖానకు పోయేదాకా ప్రాణం నిలవలేదు. బెంచీ మీద సార్ భార్య నన్ను చూసి లేచారు. "బయటికి తెచ్చిండ్రు. కండ్లు తెరిచిండు."

తర్వాత కొన్నేళ్లు బతికారు. కానీ ఆయన నాకు ఎప్పుడూ ఆ దవాఖాన వార్డులోనే కనిపిస్తారు. కాస్త కోలుకున్నాక వెళ్తే, నేను పంపిన బొమ్మను ఫోన్‌లో పక్క మంచం మీది కొల్లాపూర్ గొర్రెలకాపరికి చూపిస్తున్నారు.

"గీ రెండు దగ్గరికొచ్చినయి పెద్దయ్యా."

"కొత్తయి పుట్టినయా సారూ?"

"పుట్టలే."

గొర్రెలకాపరి ఫోన్‌ను కిటికీ వెలుగుకు తిప్పి చూస్తూ ఉండిపోయాడు. అది జారి పడకుండా, సార్ తన అరచేయి దాని కింద పట్టి ఉంచారు.