మల్లయ్య బండి చప్పుడు

1963 ఎండాకాలం. నకిరేకల్‌లో హైదరాబాదు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని, ఆయిల్ ఇంజన్లు, మోటారు సైకిళ్లు బాగుచేస్తూ బతుకుతున్న రోజులు. ఆ చుట్టుపక్కల మోటారు సైకిల్ ఉన్నవాళ్లు చాలా తక్కువ. ఉన్నవాళ్లు కూడా కంట్రాక్టర్లో, పటేళ్లో అయి ఉండేవాళ్లు. గొర్ల కాపరుల ఇంటి నుంచి వచ్చి బండి నడిపిన మనిషిని మల్లయ్యనే మొదట చూశాను.

మల్లయ్యది మోత్కూరు వైపు పల్లె. తండ్రి గొర్లు కాసేవాడు. మల్లయ్య వారవారం జరిగే అంగళ్లు తిరిగి గొర్ల బేరం చేసేవాడు. మిలిటరీవాళ్లు వేలంలో వదిలించుకున్న పాత బండి ఒకటి ఎవరి దగ్గరో ఉంటే, పొట్టేళ్లిచ్చి మార్చుకున్నాడు. ఇంజన్ గట్టిదే. కాని సైలెన్సర్ తుప్పుపట్టిపోయి, డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టు మోగేది.

"బండి నడుస్తాంది గని అన్నా, సప్పుడే ఇజ్జత్ తీస్తాంది. అంగట్లకు పోతే గొర్లు బెదిరి ఉరుకుతున్నయ్, మనుషులు నవ్వుతున్నరు. కొత్త సైలెన్సర్ కొనే తాకత్ లేదు. జర మంచిగ మోగేటట్టు చెయ్యి" అన్నాడు.

ఇంజన్ లోంచి వేడి పొగ సాఫీగా రాదు, దెబ్బలు దెబ్బలుగా తన్నుకొస్తుంది. సైలెన్సర్ లోపల బఫిల్స్ అని అడ్డురేకులుంటాయి. వాటి మధ్య తిరిగి తిరిగి బయటపడేసరికి ఆ దెబ్బల వాడి తగ్గుతుంది. మల్లయ్య బండి సైలెన్సర్ కోసి చూస్తే బఫిల్స్ పొడి పొడిగా రాలిపోయాయి. షెడ్డు వెనక పడి ఉన్న లారీ సైలెన్సర్ రేకు కోసి, కొత్తగా అడ్డురేకులు పెట్టి వెల్డింగ్ చేశాను. తోక పైపు జానెడు పొడిగించాను. కిక్కు కొట్టగానే బండి దబ్, దబ్, దబ్‌మని నిండుగా, నిదానంగా పలికింది. మల్లయ్య చుట్టూ తిరిగి విన్నాడు. వంగి పైపు దగ్గర చెవి పెట్టి మరీ విన్నాడు.

వానాకాలంలో ఒకరోజు భార్యను వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. పేరు లచ్చమ్మ. నెలలు నిండుతున్న మనిషి. నేను బండికి ఆయిల్ మారుస్తుంటే, నీడన కూర్చుని తనే మాట కలిపింది.

"ఈయన బండి వాగు దాటంగనే నాకు ఎరుకైతది అన్నా. అప్పుడు రొట్టె పెనం మీదేస్త. వచ్చి కాళ్లు కడుక్కునేసరికి అయితది."

"ఇంటింటికి చెప్తాంది గీ ముచ్చట" అని మల్లయ్య సిగ్గుపడ్డాడు.

దసరా దాటిన కొద్ది రోజులకు మల్లయ్య మళ్లీ వచ్చాడు, ఈసారి బండిని తోసుకుంటూ. గడ్డం పెరిగిపోయింది, కళ్లు లోపలికి పోయాయి. లచ్చమ్మకు ఇంటి దగ్గరే కాన్పయిందట. ఆడపిల్ల. పాప బాగానే ఉంది. తల్లికి మాత్రం కొన్నాళ్లకు దవడలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోలేదు. ఎడ్లబండి కట్టుకుని మా ఊరి దవాఖానకు తెచ్చారు. ఇంటి కాన్పులో మురికి తగిలి ధనుర్వాతం పట్టిందని డాక్టరు చెప్పాడు. వెలుతురు పడినా, ఎవరైనా తాకినా, చప్పుడు వినబడినా ఒళ్లంతా కొయ్యబారి, నడుము విల్లులా పైకి లేస్తుందట. అందుకని కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి గదిలో ఉంచారు. ఇంజెక్షన్లు మా ఊళ్లో దొరకవు. నల్లగొండ నుంచి మంచుగడ్డల్లో పెట్టి మల్లయ్యే తెస్తున్నాడు.

"అన్నిటికంటే నా బండి సప్పుడే ఆమెకు పగదైంది అన్నా" అన్నాడు. "తెలివి మంచిగనే ఉన్నదంటున్నరు. సప్పుడు ఇనంగనే నేనొచ్చిన్నని తల తిప్పవోతది. గంతట్లనే ఒళ్లు వంగుతది. ఊరవతల ఆపితే ఆడికెల్లి కూడ ఇనవడ్తాంది. ఇంక దూరం ఆపి తోసుకొస్తే మంచు కరుగుతాంది. దీని నోరు మూయించు అన్నా."

చేతిలో ఉన్న పని పక్కన పెట్టాను. పాత సైలెన్సర్ విప్పేసి, వేరే పైపుకు సన్నని రంధ్రాలు వేసి, దాని చుట్టూ లేత్ మీద రాలిన ఇనుప చుట్టలు దట్టించి, పైన రేకు తొడుగు వేశాను. పొగ రంధ్రాల్లోంచి ఆ చుట్టల్లోకి చొరబడితే చప్పుడు అక్కడే చాలావరకు అణిగిపోతుంది. దాని తరువాత ఇంకో డబ్బా కలిపి, తోకను సన్నం చేసి నేల వైపు వంచాను. ఇలా చేస్తే బ్యాక్ ప్రెషర్ పెరుగుతుంది. అంటే పొగ సులువుగా బయటికి పోలేక ఇంజన్‌ను వెనక్కి నెడుతుంది.

"మిట్ట ఎక్కేటప్పుడు గుంజది. ఇంజన్ కాగుతది, జర చూసుకో" అని చెప్పాను.

"ఇంజన్ పోతే పోనియ్యి" అన్నాడు.

పని ముగిశాక నేనూ వెనక కూర్చుని దవాఖాన దాకా వెళ్లాను. గేటు దగ్గర ఆగినప్పుడు గొలుసు కదిలే చప్పుడే ఎక్కువగా వినబడింది. లోపలి నుంచి నర్సమ్మ వచ్చి మమ్మల్ని చూసి ఉలిక్కిపడింది. "ఎప్పుడొచ్చిండ్రు? ఇనవడనే లేదు" అంది. లచ్చమ్మ ఒళ్లు బిగుసుకోలేదని చెప్పింది. మల్లయ్య నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నా పని చూసి నాకే అంత సంతోషం కలిగిన రోజు అంతకుముందు లేదు.

తరువాత అతను నల్లగొండకు పోవడం, రావడం, వరండాలో గోడకు ఆనుకుని కూర్చోవడం. లోపలికి పోనిచ్చేవారు కాదు. ముట్టుకుంటే మళ్లీ బిగుసుకుంటుందని భయం. ఒళ్లు బిగుసుకోవడం తగ్గుతోందంటే అందరికీ ఆశ కలిగింది. కాని ఒక మధ్యాహ్నం బిగువు ఊపిరికి అడ్డుపడింది. డాక్టరు పరుగున వచ్చేసరికే అయిపోయింది. మల్లయ్య అప్పుడు ఆ గోడకు ఇవతలే ఉన్నాడు.

దినాలు అయ్యాక షెడ్డుకు వచ్చాడు. టీ తెప్పిస్తే తాగకుండానే గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆఖరి దినాలల్ల నర్సమ్మను అడిగిందట అన్నా, పండ్ల సందుకెల్లి. బండి సప్పుడు ఇనవడ్తలేదు, నన్నిడిసి పోయిండా అని. బయటనే ఉన్నడు బిడ్డా అని నర్సమ్మ చెప్పిందట. నమ్మిందో లేదో."

అతను నా మొహం చూసి, "నువ్వు మంచిగనే చేసినవ్ అన్నా" అన్నాడు.

పాత సైలెన్సర్ ఇంకా నా దగ్గరే ఉంది. మళ్లీ బిగించమంటావా అని అడిగాను. ఇంజన్ చెడిపోతుందని కూడా చెప్పాను.

"ఒద్దు. బిడ్డ పండుకుంటది" అని లేచాడు.

పాపను మల్లయ్య తల్లి మేకపాలు పట్టి పెంచింది. పాప దక్కింది.

పని సరిగ్గా కుదిరితే మనిషి కష్టం తీరినట్టేనని అంతకుముందు అనుకునేవాణ్ణి. రెండూ వేరని లచ్చమ్మ పోయాక తెలిసింది. ఆ తరువాత షెడ్డుకు వచ్చినవాళ్ల మాటల్లో ఇంట్లో ఎవరో నీళ్లోసుకున్నారని తెలిస్తే, కాన్పుకు దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పడం మొదలుపెట్టాను. బండ్లు బాగుచేసేవాడికి ఈ సంగతులెందుకని కొందరు నవ్వేవారు. కొందరు కోప్పడ్డారు కూడా. నేను చెప్పడం మానలేదు.